ఇల్లు చూడటానికి వెళ్లి మనం చూడనివి

మేం కొన్న ఇంటి హాల్లో ఒక క్యాలెండర్ ఉండేది. మామూలుగా కళ్లకి ఎదురుగా ఉండాల్సింది, నడుం ఎత్తులో వేలాడుతోంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది గానీ, ఆ రోజు దాని మీద నా చూపు ఆగలేదు. ఆ ఇంట్లో మేం గడిపింది మొత్తం 25 నిమిషాలు. అందులో సగం వంటగది టైల్స్ రంగు బాగుందా లేదా అన్న చర్చకే పోయింది. పాత ఇంటివాళ్లు ఖాళీ చేసి వెళ్లాక క్యాలెండర్ వాళ్లతో వెళ్లిపోయింది. దాని వెనక రెండు అరచేతులంత చెమ్మ మరక మాకు మిగిలింది. ఆ గోడకి అవతల బాత్రూమ్. లోపల పైపు ఎన్నాళ్ల నుంచి కారుతోందో, చివరికి గోడ పగలగొట్టాల్సి వచ్చింది.

వాళ్లని తిట్టుకోవడం ఒక్క రోజులో అయిపోయింది. నన్ను నేను తిట్టుకోవడమే చాలా రోజులు సాగింది. ఎందుకంటే ఆ 25 నిమిషాల్లో నేను శ్రద్ధగా చూసినవన్నీ వారం రోజుల్లో మార్చుకోగలిగేవి: గోడల రంగు, టైల్స్, కుళాయిలు, తలుపు పిడులు. చూడకుండా వదిలేసినవన్నీ మార్చడానికి గోడలు పగలగొట్టాల్సినవి, లేదా అసలు మార్చలేనివి.

ఇల్లు కొంటున్నామంటే చాలు, తెలిసినవాళ్లందరూ తలా ఒక చెక్‌లిస్ట్ చెబుతారు. వాటిలో తప్పేం లేదు. కాకపోతే అందులో కుళాయి, దస్తావేజు, పక్కింటివాళ్ల జనరేటర్ అన్నీ ఒకే వరసలో, ఒకే బరువుతో ఉంటాయి. నేను ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితులతో ఇళ్లు చూడటానికి వెళ్లినప్పుడు ఒకటే ప్రశ్న పట్టుకున్నాను: ఇది నచ్చకపోతే రేపు మార్చుకోగలమా, మార్చుకోవాలంటే ఎంత అవుతుంది? దీంతో ఇల్లు మూడు కుప్పలుగా విడిపోతుంది. తేలిగ్గా మారేవి, బోలెడు ఖర్చుతో మారేవి, ఎంత ఖర్చుపెట్టినా మారనివి. ఇల్లు చూపించేవాళ్లు మొదటి కుప్పనే ముందు చూపిస్తారు. మనం చివరి కుప్పతో మొదలుపెట్టాలి.

చోటు

ఇల్లు చూపించే టైమ్‌ని నిర్ణయించేది సాధారణంగా అమ్మేవాళ్లే. సెలవు రోజు పొద్దున రమ్మంటారు. అప్పుడు వెలుతురు బాగుంటుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది, హారన్లు వినపడవు. అదే ఇంటికి మామూలు రోజు సాయంత్రం వెళ్లండి, వేరే ఇంటికి వచ్చామా అనిపిస్తుంది. రాత్రి 10 దాటాక మళ్లీ వెళ్తే ఇంకో ఇల్లు. పక్క బిల్డింగ్ ఏసీల రొద, లిఫ్ట్ మోటార్ మూలుగు, పైఅంతస్తులో కుర్చీలు జరిపే చప్పుడు అప్పుడే తెలుస్తాయి. లోపలికి రానివ్వకపోయినా ఫర్వాలేదు, గేటు బయట ఒక పావుగంట నిలబడినా చాలు.

గట్టి వాన పడిన మర్నాడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. నీళ్లు ఎటు పారతాయో, ఎక్కడ ఆగుతాయో అమ్మకం కాగితాల్లో ఎవరూ రాయరు. కాంపౌండ్ గోడ మీద మిగిలిన బురద గీత చెబుతుంది. పాత ఇళ్ల విషయంలో ఇంకొకటి చూడాలి. పాత రోడ్డుని తవ్వకుండా దాని మీదే కొత్త పొరలు వేసుకుంటూ పోతే, ఏళ్లు గడిచేకొద్దీ రోడ్డు పైకి లేస్తుంది, ఇల్లు గుంటలో పడుతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాల్సి వస్తోందంటే, వానాకాలంలో ఆ మెట్టు నీళ్లకి కూడా దారే.

ఎండ సంగతి చాలామంది దిక్కుల లెక్కతో తేల్చేస్తారు. దాని వెనకున్న కారణం తెలిస్తే ఇంకా బాగా తేల్చుకోవచ్చు. మధ్యాహ్నం సూర్యుడు పైన ఉంటాడు కాబట్టి కిటికీ మీద రెండడుగుల సజ్జ చాలా ఎండని ఆపేస్తుంది. సాయంత్రం ఎండ అలా కాదు, వాలుగా నేరుగా లోపలికి వస్తుంది. సజ్జ దాన్ని ఆపలేదు. పైగా పడమటి గోడ మధ్యాహ్నమంతా వేడిని పీల్చుకుని, మనం పడుకునే వేళకి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఎండ మండే ఊళ్లో పడకగది పడమట ఉంటే ఏసీ బిల్లు జీవితాంతం కట్టాలి. చలి ప్రాంతంలో అదే గది వరం. పైన ఇంకో అంతస్తు లేని కాంక్రీట్ స్లాబ్ కింది గదులకీ ఇదే కథ.

పక్కన ఖాళీ స్థలం ఉంటే మురిసిపోకండి. ఆ గాలీ వెలుతురూ అమ్మేవాళ్లవి కావు, రేపు ఆ స్థలంలో కట్టుకునేవాళ్లవి. అక్కడ ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో కనుక్కుని, అంత ఎత్తు గోడ మీ కిటికీ ముందు నిలబడినట్టు ఊహించుకోండి. అప్పుడూ ఇల్లు నచ్చితే నచ్చినట్టు.

చుట్టుపక్కల వాకబు చేసేటప్పుడు సొంతదారుల్ని కాదు, అద్దెకున్నవాళ్లని అడగండి. సొంతదారు తన ఇంటి విలువ తగ్గే మాట నోటి నుంచి రానివ్వడు. అద్దెకున్నవాళ్లకి ఆ బాధ లేదు. నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంట్ ఎన్నిసార్లు పోతుంది, ఎవరితో గొడవ, అన్నీ పది నిమిషాల్లో చెప్పేస్తారు.

గోడలు, నీళ్లు

చెమ్మ అనేది ఒకటే జబ్బు కాదు. అది తెలియకే నేను ముందు రంగులవాడిని పిలిచాను, తర్వాత ప్లంబర్‌ని. కనీసం మూడు రకాలున్నాయి. పునాది దగ్గర నుంచి గోడలోకి ఎగబాకేది ఒకటి. అది దాదాపు మీటరు ఎత్తు దాకా వచ్చి ఆగుతుంది, పై అంచు అలలా కనిపిస్తుంది, గోడ మీద తెల్లటి ఉప్పు పొడి పూస్తుంది. రెండోది వాన నీళ్లో, పైపు లీకో బయటి నుంచి చొరబడేది. ఇది ఒకే చోట మచ్చలా ఉంటుంది. వాన తర్వాత పెరిగితే బయటి గోడో స్లాబో అనుమానించాలి, వానతో పని లేకుండా పెరుగుతుంటే పైపుని. మూడోది ఇంట్లోని ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరుగా మారేది. మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు కడుతుంది. ఈ మూడోదానికి కిటికీలు తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం సరిపోవచ్చు. మొదటిదానికి గోడ అడుగున పెద్ద పనే చేయించాలి. కాబట్టి బేరం ఆడే ముందు అది ఏ చెమ్మో తెలియాలి.

కనిపెట్టడం కష్టమేం కాదు, కాస్త మొహమాటం వదులుకోవాలి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడే కొత్తగా మెరుస్తుంటే ఎందుకో అడగండి. సోఫా వెనకకి వంగి చూడండి. గోడ బీరువాలు తెరిచి వాసన చూడండి. ఇంట్లో రూమ్ ఫ్రెషనర్ ఘాటుగా కొట్టి ఉంటే నాకైతే ఇప్పుడు అదే పెద్ద అనుమానం.

పగుళ్ల విషయంలో అందరూ రెండు రకాలుగా పొరపడతారు. కొందరు వెంట్రుక లాంటి గీత చూసి పారిపోతారు. కొందరు వేలు పట్టే బీటని చూసి, పాత ఇంట్లో ఇవి మామూలేలే అనుకుంటారు. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ పగుళ్లని వెడల్పుని బట్టి వర్గాలుగా విడదీసింది. దాని ప్రకారం 5 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి ప్రధానంగా చూపుకి సంబంధించినవే, పూడ్చి రంగు వేసుకోవచ్చు. 5 నుంచి 15 మధ్య అయితే తలుపులూ కిటికీలూ బిగుసుకోవడం మొదలవుతుంది. 25 దాటిందంటే కట్టడం నిలకడే సందేహం. అయితే వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు. ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతూ, ఒక కొసన సన్నగా, ఇంకో కొసన వెడల్పుగా ఉన్న పగులు పునాది కదిలిందని చెప్పే గుర్తు కావచ్చు. కాంక్రీట్ స్తంభం మీద నిలువునా గీత పడి, దాని వెంట తుప్పు రంగు కారితే లోపల ఇనుము తుప్పు పడుతోందన్నమాట. తుప్పుకి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీట్‌ని లోపల్నుంచి బయటికి తోస్తుంది. పైన ఎంత సిమెంట్ పూసినా అది మళ్లీ విచ్చుకుంటుంది.

జేబులో ఒక గోళీ పెట్టుకుని వెళ్లండి. నేల మీద వదిలితే గదిలో అది ఎటు దొర్లుతుందో, బాత్రూమ్‌లో నీళ్లు పోయే వైపే దొర్లుతుందో లేదో చూడండి. ప్రతి తలుపూ మూసి తెరవండి. బాత్రూమ్‌లో రెండు కుళాయిలు విప్పి, అవి పారుతుండగానే ఫ్లష్ నొక్కండి. ధార ఒక్కసారిగా సన్నబడితే పైపుల్లో ఇరుకుందో, పైనుంచి ఒత్తిడి చాలడం లేదో. నీటి మీటర్ ఉన్న ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. ముల్లు కదులుతుంటే ఎక్కడో నీరు కారుతున్నట్టే. ఈ పని నేను ముందే చేసి ఉంటే క్యాలెండర్ గుట్టు ఆ రోజే బయటపడేది.

ఇవన్నీ చేశాక కూడా ఒక ఇంజనీర్‌కి డబ్బులిచ్చి చూపించుకోవడం మంచిది. బ్యాంకువాళ్లు వచ్చి చూశారు కదా అనుకోవద్దు. వాళ్లు చూసేది తమ అప్పుకి ఈ ఇల్లు తాకట్టుగా సరిపోతుందా అని. మీ బాత్రూమ్ పైపు వాళ్ల లెక్కలోకి రాదు.

కాగితం

ఇంటికన్నా ఇంటి కాగితం చిక్కైనది, ఎందుకంటే అక్కడ చెమ్మ మరకలా కంటికి ఆనేదేమీ ఉండదు. చాలామంది ఒక అపోహతో ఉంటారు: ఇల్లు నా పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయింది, కాబట్టి ఇది నాదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఇది దేశాన్ని బట్టి నిజం కావచ్చు, కాకపోవచ్చు.

ప్రపంచంలో దీనికి స్థూలంగా రెండు పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు నమోదు చేసేది దస్తావేజుని మాత్రమే. అంటే, ఫలానా రోజున ఫలానా ఇద్దరి మధ్య ఈ లావాదేవీ జరిగిందని ఆఫీసు సాక్ష్యం చెబుతుంది. అమ్మినవాడికి అసలు హక్కు ఉందా లేదా అన్న పూచీ తీసుకోదు. తనది కానిదాన్ని ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరన్నది చాలా పాత న్యాయసూత్రం. అమ్మినవాడి హక్కులో చిల్లు ఉంటే ఎన్ని స్టాంపులు పడినా ఆ చిల్లు మనకీ వస్తుంది. భారత్‌లో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఈ కోవలోదే. రెండో పద్ధతిలో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే హక్కు వాళ్లదే, దానికి ప్రభుత్వమే హామీ. రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన చొరవతో 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఇది చట్టమైంది. అక్కడి నుంచి ఇంకా చాలా చోట్లకి పాకింది. ఇప్పటికీ దీన్ని టోరెన్స్ పద్ధతి అనే అంటారు.

మొదటి పద్ధతిలో మిగిలిపోయే భయం మీదే అమెరికాలో ఒక వ్యాపారం పుట్టింది. 1868లో పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. ఆస్తి మీద పాత బాకీ ఉన్నా, కాగితాలు చూసిపెట్టినవాడు అది అడ్డు కాదన్న లాయర్ సలహా నమ్మి, కొనేవాడికి ఫర్వాలేదని చెప్పాడు. తీరా ఆ బాకీ మెడకి చుట్టుకుంది. చూసిపెట్టినవాడి తప్పు లేదని కోర్టు తేల్చడంతో కొన్నవాడు నష్టపోయి ఊరుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1876లో ఫిలడెల్ఫియాలో మొట్టమొదటి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. నిపుణుడు చూసినా పొరపాటు జరగొచ్చు, జరిగితే నష్టం మేం భరిస్తామనడమే ఆ బీమా.

మీరున్నచోట ఏ పద్ధతి నడుస్తోందో ముందు తెలుసుకోండి. దస్తావేజుల పద్ధతి అయితే లాయర్ చేయాల్సిన పని వెనక్కి నడవడం. ఇప్పుడు అమ్మేవాళ్లకి ఈ ఇల్లు ఎలా వచ్చింది, వాళ్లకి అమ్మినవాళ్లకి ఎలా వచ్చింది అంటూ లింక్ డాక్యుమెంట్లని ఒక్కొక్కటే పట్టుకుని పోవాలి. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే మిగతా వారసులందరూ సంతకం పెట్టారా? దూరదేశంలో ఉన్న చెల్లెలి వాటా సంగతి ఏమైంది? పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతుంటే అది ఇచ్చిన మనిషి ఇంకా ఉన్నారా? సాధారణంగా ఆ మనిషితోపాటే ఆ అధికారమూ పోతుంది. ఇంటి మీద లోన్ ఉండి తీర్చేశామంటే, తీరిందన్న బ్యాంకు కాగితం ఏది? కట్టిన ఇల్లు అనుమతి పొందిన ప్లాన్‌తో సరిపోలుతోందా, లేక పైన ఒక అంతస్తు గాలివాటంగా వచ్చిందా? వీధిలోంచి ఇంటికి వచ్చే దారి మనదేనా, లేక పక్కవాళ్ల మంచితనం మీద నడుస్తున్నదా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. పక్కవాళ్లు మారిన రోజున గేటు పడుతుంది.

లాయర్ మీవాడై ఉండాలి. అమ్మేవాళ్ల లాయర్, బ్రోకర్ చూపించిన లాయర్, బ్యాంకు లాయర్ ముగ్గురూ మంచివాళ్లే కావచ్చు, కానీ ఎవరూ మీ కోసం చూడరు.

ఫ్లాట్ కొనేవాళ్లు టేప్ పట్టుకుని వెళ్లాలి. చెప్పే విస్తీర్ణంలో మెట్లు, లిఫ్ట్, వరండాల వాటా కలిపేసి ఉండొచ్చు. గోడల లోపలి కొలత ఎంతో విడిగా రాయించుకోండి, ధరని దానితో భాగించి చూడండి. అలాగే అసోసియేషన్ లెక్కలు, గత రెండు మూడేళ్ల మీటింగ్ నోట్స్ అడిగి తీసుకోండి. లిఫ్ట్ మార్చాలని మూడు మీటింగుల్లో వాయిదా పడిందంటే, ఆ బిల్లు మీరు చేరాకే వస్తుంది.

టోకెన్ అడ్వాన్స్ గురించి ఒక్క మాట. అది చిన్న మొత్తమే. కానీ ఇచ్చిన మరుక్షణం నుంచి మన బుర్ర ఆ ఇంటి తరఫున వాదించడం మొదలుపెడుతుంది. కనిపించిన లోపాలన్నీ చిన్నవైపోతాయి. అందుకే, లోన్ రాకపోయినా, కాగితాల్లో తేడా వచ్చినా అడ్వాన్స్ ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలని రాసుకున్నాకే ఇవ్వండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే ఒప్పంద పత్రాలు ఇరుపక్షాలూ మార్చుకునేదాకా ధర ఒప్పుకున్నా సరే ఎవరూ కట్టుబడాల్సిన పని లేదు. కొనేవాళ్లకి అది భద్రతా, భయమూ రెండూనూ.

అప్పు

ఇల్లు అమ్మేవాళ్లు ధర చెబుతారు, లోన్ ఇచ్చేవాళ్లు ఈఎంఐ చెబుతారు. ఈ రెండింటి మధ్య జరిగేది ఎవరూ చెప్పరు.

అప్పు 100 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకి కట్టేది దాదాపు 0.90. మొదటి నెల వడ్డీ 0.75. అంటే మనం కట్టిన ప్రతి ఆరు వంతుల్లో అయిదు వడ్డీకే పోయాయి, అసలు తగ్గింది ఒక్క వంతు. నెలలు గడిచేకొద్దీ ఈ వాటా మారుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. అసలు సగానికి తగ్గేది పదో ఏడు కాదు, పద్నాలుగో ఏడు చివర. మొత్తం కట్టేది దాదాపు 216. ఇందులో మోసమేమీ లేదు, చక్రవడ్డీ లెక్క అంతే. కానీ ఏడేళ్లు కట్టి, ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామనుకున్నవాళ్లు బాకీ కాగితం చూసి కంగారుపడేది ఇందుకే.

ఇదే లెక్క మనకి అనుకూలంగానూ పనిచేస్తుంది. మొదటి ఏడాది నుంచే ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కడితే, పై ఉదాహరణలో అప్పు సుమారు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. ముందస్తుగా కడితే జరిమానా ఉందో లేదో మాత్రం సంతకానికి ముందే అడగండి.

వడ్డీ మారే లోన్ అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. వడ్డీ 9 నుంచి 10కి పెరిగిందనుకోండి. మీ ఈఎంఐ ఏమీ పెరగదు సార్, గడువు మాత్రం కాస్త పొడిగిస్తాం అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ అప్పు మొదట్లోనే అలా జరిగితే ఆ కాస్త ఎంతో తెలుసా? 240 నెలలు కాస్తా 314 నెలలవుతాయి, అంటే ఆరేళ్లకి పైగా. అదే ఈఎంఐ పెంచుకుంటే పెరిగేది 7 శాతం చిల్లర. కుదిరితే ఈఎంఐనే పెంచమనండి.

నాకు నచ్చిన పరీక్ష ఒకటి చెబుతాను, దీనికి బ్యాంకుతో పని లేదు. రాబోయే ఈఎంఐలోంచి ఇప్పటి అద్దె తీసేయండి. ఆ తేడాని ఆరు నెలల పాటు, ఒకటో తారీఖునే వేరే ఖాతాలోకి పంపేయండి. నాలుగో నెలలో ఆ ఖాతాలోంచి వెనక్కి తీస్తున్నారంటే ఈ ఇల్లు మీకు ఎక్కువ. తీయకుండా ఉండగలిగితే రిజిస్ట్రేషన్ ఖర్చులకి కొంత పోగైనట్టే.

చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్‌లో పెట్టేయడం కూడా టెన్షన్ కొనితెచ్చుకోవడమే. మీవి 20, అప్పు 80 పెట్టి కొన్న ఇంటి ధర 10 శాతం పడిపోతే మీ డబ్బులో సగం పోయినట్టు. అక్కడే ఉండేవాళ్లకి అది కాగితం మీది నష్టం. ఉద్యోగం మారి రెండేళ్లకే అమ్మాల్సి వచ్చినవాళ్లకి నిజం నష్టం. కొనేటప్పటి పన్నులూ అమ్మేటప్పటి కమీషన్లూ దీనికి అదనం. కనీసం అయిదేళ్లు ఆ ఊళ్లో ఉంటామన్న నమ్మకం లేకపోతే అద్దెకుండటం తప్పేమీ కాదు, ఎవరెన్ని చెప్పినా.

ఖాళీ ఇల్లు

తాళాలు చేతికొచ్చిన రోజుకీ సామాన్లు దిగే రోజుకీ మధ్య ఒక వారమైనా ఉంచుకోండి. పాత ఇంటికి ఇంకొన్నాళ్లు అద్దె కట్టాల్సి వచ్చినా సరే. ఇల్లు మళ్లీ అంత ఖాళీగా మీకు ఎప్పటికీ దొరకదు. వైరింగ్ మార్చడం, ప్లగ్ పాయింట్లు పెంచడం, నేల పాలిష్, చెదల మందు, గోడలకి డ్రిల్లింగ్ అన్నీ ఖాళీ ఇంట్లో రెండు రోజుల పని. అదే బీరువాలూ మంచాలూ చేరాక ప్రతి పనికీ ముందు సామాను జరపాలి, తర్వాత దుమ్ము దులపాలి. రంగు గురించి మాట్లాడుకోవడానికి సరైన టైమ్ కూడా ఇదే.

మొదటి రోజే తాళాలు మార్చేయండి. పాత తాళాల కాపీలు ఎవరెవరి దగ్గరున్నాయో పాత ఇంటివాళ్లకే గుర్తుండదు. కరెంట్, నీళ్ల మీటర్లని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మెయిన్ స్విచ్, నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడున్నాయో వెతికి ఒకసారి కట్టి విప్పండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోతుంది. ఆ సంగతి పైపు పగిలిన రాత్రి తెలిస్తే ఏం లాభం?

ఇక సామాను. పారేయాల్సింది పారేయడం సర్దేముందే జరగాలి. కొత్తింటికి వెళ్లాక చూద్దాంలే అనుకున్న డబ్బా అక్కడా తెరుచుకోదు. పుస్తకాలకి చిన్న డబ్బాలు, బట్టలకీ దిండ్లకీ పెద్దవి. అందరం దీన్ని తిరగేసి చేసి నడుం పట్టేసుకుంటాం. అమెరికాలో పనిచోటు ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ అనే సంస్థ, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగ్గ బరువుకి పెట్టిన హద్దు 23 కిలోలు. మెట్లు, వంపులు, ఒళ్లు తిప్పడం ఉంటే అది ఇంకా తగ్గుతుంది. ఇల్లు మారేటప్పుడు ఈ మూడూ ఉంటాయి కాబట్టి డబ్బా 15 దాటకుండా చూసుకోండి. డబ్బా మీద పాత గది పేరు కాదు, అది కొత్తింట్లో చేరాల్సిన గది పేరు రాయండి. మోసేవాళ్లకి కావాల్సింది అదే.

ఫ్రిజ్‌ని ముందు రోజే ఆపి, మంచు కరిగి తడి ఆరేదాకా తలుపు తెరిచి ఉంచండి. నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెట్టక తప్పకపోతే, దింపాక చాలా గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయండి. కంప్రెసర్‌లో ఉండాల్సిన ఆయిల్ పైపుల్లోకి జారి ఉంటుంది, అది వెనక్కి రావాలి. ముందు నుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్‌కి కొన్నప్పుడు వెనక బిగించి వచ్చిన బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే లోపలి డ్రమ్ దారంతా కొట్టుకుంటుంది. టీవీ వెనక వైర్లు పీకే ముందు ఒక ఫోటో తీసుకోండి.

ప్యాకర్లు ఇన్సూరెన్స్ ఉందండీ అంటే, ఏ లెక్కన అని అడగండి. వస్తువు విలువ లెక్కనైతే సరే. కొన్ని ఒప్పందాల్లో పరిహారం బరువు లెక్కన ఉంటుంది. అప్పుడు పగిలిన టీవీకి వచ్చే పరిహారానికీ, దాన్ని తూకానికి అమ్మితే వచ్చేదానికీ పెద్ద తేడా ఉండదు. దస్తావేజులు, నగలు, మందులు లారీ ఎక్కకూడదు, మీతోనే రావాలి.

చివరగా, మొదటి రాత్రికి కావాల్సిన డబ్బా ఒకటి ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, సబ్బు, టార్చి, ఫోన్ ఛార్జర్, రెండు బల్బులు, స్క్రూడ్రైవర్, స్పానర్, విప్పిన మంచం బోల్టులు. ఇది లారీలో అన్నిటికన్నా చివర ఎక్కాలి, అప్పుడే అన్నిటికన్నా ముందు దిగుతుంది. మేమూ ఆ డబ్బా సర్దుకున్నాం. పైన పెద్ద అక్షరాలతో 'ముఖ్యమైనవి' అని రాశాం. ముఖ్యమైనవి కదా అని కుర్రాళ్లు దాన్ని భద్రంగా అన్నిటికన్నా ముందు ఎక్కించి, మీద బీరువా పెట్టారు. దిగేటప్పుడు ఏ గది పేరూ లేదని అటక మీదకి చేర్చారు. మూడు వారాలు నేల మీద పరుపు వేసుకుని పడుకున్నాక, బోల్టులు కొత్తవి కొనుక్కొచ్చి మంచం బిగించుకున్నాం. పాతవి నాలుగు నెలలకి దొరికాయి.